పోయిన కరణం, వచ్చిన కరణం

జనాకర్షక ప్రభుత్వాల ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనం ఖజానా గురించే మాట్లాడుకుంటాం. ఎవరు ఎంత పంచారు, ఎక్కడినుంచి తెచ్చారు, అప్పు ఎంతయింది - చర్చ అక్కడే మొదలై అక్కడే ముగుస్తుంది. రెవెన్యూ శాఖలో ముప్ఫయ్యేళ్ళకు పైగా కాగితాల నడుమ గడిపినవాణ్ణి గనుక నాకు కనబడినది వేరు. అక్కడ కూర్చుని చూసినవాడికి జనాకర్షణ అంటే పంపకం కన్నా ముందు ఒక వాగ్దానం. నాకూ మీకూ మధ్య ఎవడూ ఉండడు అని నాయకుడు జనానికి ఇచ్చే మాట. ఏ నాయకుడూ దాన్ని ఇంత సూటిగా అనకపోవచ్చు. కానీ ఆయన జీవోలన్నీ వరుసగా పేర్చుకుని చదివితే అర్థమయ్యేది అదే.

ఆ మధ్యనున్నవాడు ఎవడు? మన ప్రాంతంలో వాడికి చాలా పేర్లున్నాయి. కరణం, మునసబు, పటేలు, పట్వారీ, గుమాస్తా, వీ.ఆర్.ఓ. వాణ్ణి ప్రేమించే జనం ఏ కాలంలోనూ లేరు. సుమతీ శతకకారుడి నాటికే కరణాల మీద పద్యాలు పుట్టాయంటే ఆ అప్రతిష్ఠ ఎంత పాతదో ఊహించవచ్చు. కనుక వాణ్ణి తీసేస్తానన్న నాయకుడికి చప్పట్లు ఖాయం. తీసేసిన తరువాత ఏమవుతుందన్నదే ఈ టపా.

మన దగ్గర ఈ కథ ఎన్.టి.రామారావుతో మొదలవుతుంది. 1983 జనవరి 9న లాల్‌బహదూర్ స్టేడియంలో జనం నడుమ ప్రమాణస్వీకారం చేశారు. కిలో రెండు రూపాయల బియ్యం సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. నెల తిరగకుండానే వచ్చిన మరొక నిర్ణయం ఇప్పుడు చాలామందికి గుర్తులేదు. ప్రభుత్వోద్యోగుల పదవీవిరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించారు. ఆ ఫిబ్రవరి నెలాఖరున ఒక్కరోజే పద్ధెనిమిది వేలమందికి పైగా ప్రభుత్వోద్యోగులు, వారితోపాటు ప్రభుత్వరంగ సంస్థలలో మరో పదివేలమంది ఇంటికి వెళ్ళారు. యువకులకు ఉద్యోగాలు రావాలన్నది చెప్పిన కారణం. అది కాదనదగ్గ కారణమేమీ కాదు. సర్వోన్నత న్యాయస్థానం కూడా 1985 జనవరిలో కె.నాగరాజ్ కేసులో ఆ నిర్ణయాన్ని సమర్థించింది. తమాషా ఏమిటంటే, తీర్పు వచ్చేనాటికి వయస్సు మళ్ళీ 58 అయి కూర్చుంది. 1984 ఆగస్టులో నాదెండ్ల భాస్కరరావు నెలరోజుల ప్రభుత్వం పెంచింది. తిరిగి వచ్చిన రామారావు ప్రభుత్వం ఆ పెంపును ఉంచింది గాని, మధ్యలో ఇంటికి పంపినవారిని మాత్రం పట్టించుకోలేదు. వారి కోసం మరొక కేసు, మరొక తీర్పు. 58 నిండనివారిని మళ్ళీ తీసుకొమ్మనీ, నిండినవారికి పరిహారమిమ్మనీ 1985లోనే న్యాయస్థానం చెప్పింది.

ఈ ఏడాదిన్నర వ్యవహారంలో ఖజానాకు ఎంతయిందో లెక్క కట్టవచ్చు. లెక్కకు రానిది ఒకటుంది. ప్రతి కార్యాలయంలోనూ యాభై అయిదు దాటిన ఒక హెడ్ గుమాస్తా ఉంటాడు. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో, ఏ జీవో ఏ జీవోను కొట్టివేసిందో, ఫలానా కాలవ తవ్వినప్పుడు ఏ రైతుకు పరిహారం అందలేదో అతడి తలలో ఉంటుంది. అతడి చేత తరువాతివాడికి అప్పజెప్పించడానికి కూడా వ్యవధి లేదు.

అసలు సంగతి 1984 జనవరి 6న జరిగింది. ఆనాటి ఆర్డినెన్సుతో రాష్ట్రమంతటా పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులు - ఆంధ్రలో కరణం, మునసబు. తెలంగాణలో పటేలు, పట్వారీ - ఒక్క కలంపోటుతో రద్దయ్యాయి. తమిళనాట ఎం.జి.ఆర్. ప్రభుత్వం 1980 నవంబరులోనే ఈ పని చేసి, న్యాయస్థానంలో నెగ్గింది కూడా. మనదీ నెగ్గింది.

ఇక్కడ నా పక్షం చెప్పడం మర్యాద. కరణీకం పోయిందని కన్నీరు పెట్టుకునేవాణ్ణి కాను. తండ్రి తరువాత కొడుకు అన్న వంశపారంపర్య హక్కును సర్వోన్నత న్యాయస్థానం 1960 డిసెంబరులోనే, గుంటూరు జిల్లాకు చెందిన ఒక మునసబు పదవి తగాదాలో, రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. అయినా ఆ తరువాత ఇరవయ్యేళ్ళు ఆ కుటుంబాలవారే, ఆ అరుగుల మీదే, ఆ దస్త్రాలే పట్టుకుని కూర్చున్నారు. ఊరి భూమి అంతా ఒక ఇంటి చావడిలో పెట్టెలో ఉండేది. దళితుడు తన పేరు అడంగలులో ఉందో లేదో తెలుసుకోవాలంటే ఆ ఇంటి వీధిలో చెప్పులు విడిచి నిలబడవలసి వచ్చేది. అది పోవలసిందే. రామారావు చేసినది ఆ మేరకు ఒక చిన్న విప్లవం. తాలూకాలను విడగొట్టి వెయ్యికి పైగా మండలాలు చెయ్యడమూ అటువంటిదే. సైకిలు మీద పోయి పొద్దు గూకేలోపు తిరిగి రాగలిగే దూరంలో ప్రభుత్వం ఉండడమంటే ఏమిటో, తాలూకా కచేరీ కోసం రెండు బస్సులు మారినవారికే తెలుస్తుంది.

కానీ కరణం అంటే అరుగు మీది అధికారం మాత్రమే కాదు, ఒక పని కూడా. ఆ పని ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి; ఎందుకంటే రద్దు చేసినవారు సరిగా చూడనిది దాన్నే. ప్రతి ఫసలీలోనూ గట్లమ్మట తిరిగి ఏ సర్వే నంబరులో ఎవరు ఏ పంట వేశారో అడంగలులో ఎక్కించడం. శిస్తు లెక్క కట్టడం. చావులూ పంపకాలూ అమ్మకాలూ నమోదు చెయ్యడం. ఏడాదికొకసారి జమాబందీలో ఆ లెక్కలన్నీ పైవాళ్ళ ముందు పెట్టి, తప్పు దొరికితే చీవాట్లు తినడం.

వినడానికి యాంత్రికంగా ఉంటుంది. ఒక్క సర్వే నంబరు తీసుకోండి. 112 అనుకుందాం. డైగ్లాటులో ఒకే పేరు ఉంది, ఆయన పోయి నలభయ్యేళ్ళయింది. నలుగురు కొడుకులు నోటిమాట మీద పంచుకున్నారు. పెద్దవాడు తన వాటాలో ఎకరం కూతురికి పసుపుకుంకుమ క్రింద ఇచ్చాడు, కాగితం లేదు. రెండోవాడు తెల్లకాగితం మీద అమ్మాడు. మూడోవాడిదీ పక్క నంబరులోని అతడి పినతండ్రి కొడుకుదీ ఒకే పేరు, ఒకే ఇంటిపేరు. ఊళ్ళో ఒకణ్ణి పొట్టి, ఇంకొకణ్ణి నల్ల అంటారు. నాలుగోవాడి ముక్క కాలవ కోతకు పోయింది, పటంలో మాత్రం భద్రంగా ఉంది. ఇప్పుడు 112 ఎవరిది? ఏ రిజిస్టరూ చెప్పదు. ఊళ్ళో ఉండి, పొట్టి ఎవరో నల్ల ఎవరో తెలిసిన మనిషి చెప్పాలి. భూమి రికార్డు అనేది పుస్తకమూ దాన్ని చదవగలిగిన మనిషీ కలిసిన వస్తువు. 1984లో మనిషిని తీసేసి పుస్తకాన్ని స్వాధీనం చేసుకున్నారు. అది కూడా అన్నిచోట్లా చేతికి రాలేదు. కొన్ని పెట్టెలు ఖాళీగా వచ్చాయి, కొన్ని అసలు రాలేదు.

1987లో నేను కోస్తాలో ఒక మండల కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. అద్దె పెంకుటిల్లు. తాలూకా కచేరీ బీరువాలను మండలాలు పంచుకున్నప్పుడు మా వాటాకు వచ్చిన దస్త్రాలు గోనెసంచులలో ఒక గది నిండా ఉండేవి. ఊళ్ళకు కొత్తగా వేసిన గ్రామ సహాయకులు నా యీడువాళ్ళే, చురుకైనవాళ్ళు. కొందరి కుటుంబాల్లో అదే మొదటి సర్కారు జీతం. వాళ్ళకు దస్త్రం చదవడం నేర్పేవారు లేరు. గొలుసుకట్టు వ్రాతలోని పాత అడంగళ్ళు వాళ్ళకూ నాకూ ఒకే విధంగా అయోమయం. తలారులను ప్రభుత్వం రద్దు చెయ్యలేదు గనుక, హద్దురాయి ఎక్కడుందో తలారి చూపించేవాడు. చదవవలసి వస్తే మాత్రం మాజీ కరణాన్ని పిలిచేవాళ్ళం.

మా వరండాలో ఒక బల్ల ఉండేది, దాని మీద ఆయన ఉండేవారు. పేరు అనవసరం. తెల్లని పంచె, చేతిలో అద్దాల కవరు, పక్కన తాళ్ళతో కట్టిన రెండు పుస్తకాలు. అవి సర్కారువా ఆయనవా అని ఎవరమూ అడగలేదు. ఆయన విప్పి, వ్రేలు పెట్టి చూపితే ఆ ఊరి పని నడిచేది, లేకపోతే ఆగేది. పదవిలో ఉండగా ఆయన జమాబందీకి భయపడేవారు, ఆర్.ఐ. వస్తే లేచి నిలబడేవారు. తప్పు వ్రాస్తే సస్పెండయ్యేవారు. ఇప్పుడు ఆయనను ఎవరూ సస్పెండ్ చెయ్యలేరు. ఆయన చెప్పినదానికి సంతకం లేదు, తేదీ లేదు, అప్పీలు లేదు. పదవితోపాటు పోయినది జీతం, జవాబుదారీ, మిగిలినది అధికారం. నిజానికి మునుపటి కన్నా కాస్త ఎక్కువ అధికారం.

దీని తరువాతి చరిత్ర పేర్ల చరిత్ర. గ్రామ సహాయకులు పోయి తొంభైల తొలినాళ్ళలో గ్రామ పరిపాలనాధికారులు వచ్చారు. 2002లో చంద్రబాబు ప్రభుత్వం వారిని పంచాయతీ కార్యదర్శులుగా మార్చింది. పంచాయతీ కార్యదర్శి వీధిదీపాలు చూస్తాడా, అడంగలు వ్రాస్తాడా? రెండూ చూడమన్నారు. 2007లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం రెవెన్యూ పని వేరుచేసి వీ.ఆర్.ఓ.లను తెచ్చింది. అన్నట్టు, అప్పుడే ఎమ్మార్వో పేరు మళ్ళీ తహసీల్దారు అయింది. రెండు దశాబ్దాలకు పైగా తిరిగి తిరిగి, ఊరికొక లెక్కరి కావాలన్న చోటికే చేరాం. కరణం అన్న పేరు తప్ప తక్కినదంతా వెనక్కి వచ్చింది. ఈలోగా అడంగళ్ళలో, పహాణీలలో ఎన్ని ఫసలీలు పాతదాన్ని చూసి కొత్తదానిలోకి దించుకున్నవో, దించినవాళ్ళలో ఒకడిగా నాకు తెలుసు. పొలానికి వెళ్ళే మనిషి లేనప్పుడు పుస్తకం పుస్తకాన్నే చూసి వ్రాసుకుంటుంది.

అదలా ఉంచితే, పై అంతస్తులో జరిగే మార్పు మరొకటి ఉంది. మా వృత్తిలో ఒక గుమాస్తాకు ఉన్న ఏకైక ఆయుధం నోటు ఫైలు. మంత్రిగారు కోరినా కలెక్టరుగారు కోరినా, 'నిబంధనలు ఇందుకు అనుమతించవు' అని ఒక వాక్యం వ్రాసి పైకి పంపవచ్చు. పైవాడు దాన్ని కాదనవచ్చు, కానీ కాదన్నట్టు తానూ వ్రాయాలి. పరిపాలన అంటే ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉండడం. జనాకర్షక కాలంలో మొదట మాయమయ్యేది ఆ మొదటి వాక్యం. ఎవరూ నిషేధించరు. వేదిక మీద జనం ఎదుట అధికారిని నిలబెట్టి నిలదీయడం, అక్కడికక్కడే సస్పెండ్ చెయ్యడం - తొంభైల చివర ఆకస్మిక తనిఖీల రోజుల్లో మనం తరచు చూసినదే. జనానికి అది న్యాయం జరిగినట్టు కనిపిస్తుంది, కొన్నిసార్లు నిజంగా న్యాయమే. కానీ పేపరులో ఆ ఫొటో చూసిన మిగతా వెయ్యిమంది నేర్చుకునే పాఠం పని బాగా చెయ్యాలని కాదు, వ్రాతలో దొరకకూడదని. తరువాత ఆదేశాలు ఫోనులో వస్తాయి. ఫోనులో వచ్చినదానికి ఫైలులో 'చర్చించినట్లుగా' అని ఒక్క మాట పడుతుంది. 2013 అక్టోబరులో టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం నోటిమాట ఆదేశాల మీద పని చెయ్యవద్దని అధికారులకు చెప్పవలసి వచ్చింది. కేంద్రంలో క్యాబినెట్ కార్యదర్శిగా చేసిన వ్యక్తి విశ్రాంతి తీసుకున్నాక న్యాయస్థానానికెక్కి ఆ మాట చెప్పించుకున్నాడంటే, క్రింద మావంటివారి సంగతి ఊహించుకోండి.

రాష్ట్రం విడిపోయాక తెలంగాణలో ఇదే కథ ఇంకా వేగంగా జరిగింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన చేపట్టారు. తగాదా ఉన్న భూములను పార్ట్-బి అన్న పేరుతో పక్కన పెట్టారు. ఆ రికార్డు ఆధారంగానే 2018లో రైతుబంధు డబ్బు నేరుగా రైతుకు చేరింది. చేరడం మంచి సంగతే. అయితే రికార్డులో పేరు లేనివాడికి అంతకు మునుపు ఒక కాగితం లేకుండా ఉండేది, ఇప్పుడు డబ్బు కూడా లేదు. కనుక ఊళ్ళో వీ.ఆర్.ఓ. మీద కోపం రెట్టింపయింది. 2019 అంతా రెవెన్యూ శాఖనే ఎత్తివేస్తారన్న మాటలు వినబడ్డాయి. ఆ నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును ఆమె కార్యాలయంలోనే ఒకడు తగలబెట్టి చంపాడు. ఆ నేరానికీ నాయకుల మాటలకూ నేను ముడి పెట్టను, పెట్టడానికి ఆధారం లేదు. కాని ఆ వారం రోజులూ సాటి మనుషులలో కొందరు చేసిన వ్యాఖ్యలు చదివినవాణ్ణి. ఆమె చావును లంచాల పట్టికలో ఒక పద్దుగా వ్రాసుకున్నారు.

2020 సెప్టెంబరు 7న వీ.ఆర్.ఓ.ల వద్దనున్న దస్త్రాలన్నీ ఒక్క పూటలో స్వాధీనం చేసుకున్నారు. 11న శాసనసభ ఆ పదవులను రద్దు చేసింది. అక్టోబరు 29న ధరణి వచ్చింది. వీ.ఆర్.ఓ.లలో లంచగొండులు లేరా అంటే, ఉన్నారు. మా శాఖ పరువు కాపాడదామని నేను అబద్ధమాడను. ధరణిలో రిజిస్ట్రేషను, మ్యుటేషను ఒకేసారి జరగడం నిజంగా మెచ్చుకోదగ్గది. కానీ 112 వంటి నంబరు వచ్చినప్పుడు? అక్షరం తప్పు పడితే, విస్తీర్ణం గుంట తగ్గితే, పార్ట్-బి నుంచి బయటికి రావాలంటే, ఆ దరఖాస్తు ఎక్కడో పొలం చూడని కలెక్టరు లాగిన్‌లోకి వెళ్ళి పడేది. సాగు ఎవరు చేస్తున్నారో చెప్పే అనుభవదారు గడి రికార్డులోనుంచే పోయింది. మధ్యవాడు పోయాడా? మండల కేంద్రంలో జిరాక్సు దుకాణాల ముందు కొత్త బల్లలు వెలిశాయి. ఏ మాడ్యూలులో అర్జీ పెట్టాలో తెలిసినవాడే కొత్త కరణం. వాడికీ జమాబందీ లేదు.

రద్దయిన వీ.ఆర్.ఓ.లు దాదాపు రెండేళ్ళు పని లేకుండా జీతం తీసుకున్నారు. 2022లో లాటరీ తీసి వేరు వేరు శాఖలకు పంచారు. ఊరి భూమి తెలిసిన మనిషిని చీటీ తీసి ఇంకెక్కడో కూర్చోబెట్టడమంత ఖరీదైన పని ఇంకొకటి నాకు తోచదు.

ఆంధ్రప్రదేశ్‌లో మధ్యవాణ్ణి తీసెయ్యలేదు, పక్కన ఇంకొకణ్ణి పెట్టారు. 2019 అక్టోబరు 2న వచ్చిన సచివాలయాలకు పరీక్ష పెట్టి లక్షమందికి పైగా ఉద్యోగులను తీసుకున్నారు. అది సక్రమమైన నియామకమే. వారికన్నా ముందు, ఆ ఆగస్టు 15న, యాభై ఇళ్ళకొకరు చొప్పున వాలంటీర్లు వచ్చారు. నెలకు అయిదు వేల గౌరవవేతనం, ఉద్యోగులు కారు, నియమావళి లేదు. ఒకటో తారీకు తెల్లవారుజామున ముసలమ్మ మంచం దగ్గరకు పింఛను వచ్చిన సంగతిని తేలిగ్గా తీసిపారెయ్యను, నేనూ కళ్ళారా చూశాను. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం వాలంటీర్లను పంపిణీకి దూరంగా ఉంచమంది. ఏప్రిల్ ఎండలో వృద్ధులు సచివాలయాల ముందు బారులు తీరారు. అయిదేళ్ళుగా ఆ దారి తెలిసినది ఒక్కడికే, అతడు ఉద్యోగి కాదు. జూలై 1న కొత్త ప్రభుత్వం సచివాలయ సిబ్బంది చేతనే ఇంటింటికీ పంపించి ఆ రోజే దాదాపుగా పూర్తి చేసింది. అంటే ఏప్రిల్‌లోనూ చెయ్యగలిగేవాళ్ళేనన్నమాట. ఇక గౌరవవేతనం పదివేలు చేస్తామని ఎన్నికల ముందు విన్న వాలంటీర్లు, అసలు తాము కొనసాగుతున్నట్టు ఉత్తర్వే లేదని ఎన్నికల తరువాత విన్నారు. రీసర్వే రాళ్ళ మీదా, పాసుపుస్తకం అట్ట మీదా ముఖ్యమంత్రి పేరూ బొమ్మా ఎక్కడం గురించి వేరే టపా కావాలి. సర్వే రాయి ప్రభుత్వాల కన్నా ఎక్కువ కాలం బతకవలసిన వస్తువు అని మాత్రం చెప్పి వదిలేస్తాను.

తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. సెప్టెంబరు 5న దాదాపు అయిదు వేలమంది గ్రామ పాలనాధికారులు నియామకపత్రాలు అందుకున్నారు. వారు చాలావరకు మునుపటి వీ.ఆర్.ఓ.లు, వీ.ఆర్.ఏ.లే, చీటీ మీద వెళ్ళినవాళ్ళు పరీక్ష వ్రాసి తిరిగి వచ్చారు. అటువంటివారిలో నాకు పరిచయమున్న ఒకాయనను ఫోనులో అడిగాను, ఊళ్ళో మొదట ఏం చేశారని. పాత పహాణీలు ఎక్కడున్నాయో వెతుకుతున్నానన్నాడు. 2020లో మూటకట్టి అప్పజెప్పింది తనేనట. మూట మీద తన చేతివ్రాతతో ఊరి పేరు వ్రాసి ఉంటుందనీ, అది కనబడితే గుర్తుపడతాననీ అన్నాడు.